సూపర్‌హీరోల టీమ్ మీదికి ఏలియన్ వచ్చిపడితే: ఈ క్రాసోవర్ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

వైల్డ్‌క్యాట్స్/ఏలియన్స్ నేను మొదటిసారి చదివినప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోయింది, పక్కన పడేశాను. 1998 నాటి వన్-షాట్, అంటే ఒక్క సంచికలో ముగిసిపోయే కథ. "ఇందులో ఒక టీమ్ దాదాపు మొత్తం పోతుంది, చదివి తీరాల్సిందే" అని ఒక ఫ్రెండ్ ఊదరగొడితే తెచ్చుకున్నాను. పోయారు, నిజమే. కానీ పోయినవాళ్లెవరో నాకు తెలియదు. తెలియని ఊళ్లో శవయాత్ర ఎదురైతే బండి పక్కకు తీసి ఆగుతాం చూడండి, అంతకు మించి ఏమీ అనిపించలేదు. రెండేళ్ల తర్వాత ఆ చచ్చిపోయిన టీమ్ సొంత సిరీస్ కూర్చుని చదివి, మళ్లీ అదే సంచిక తీశాను. ఈసారి సగంలో మూసేసి, లేచి వెళ్లి టీ పెట్టుకోవాల్సి వచ్చింది.

అందుకే ఈ గైడ్‌లో ఏ పుస్తకాలు చదవాలో ఎంత చెబుతానో, ఏ వరసలో చదవాలో అంతకంటే ఎక్కువ చెబుతాను. వరస తప్పితే ఈ కామిక్స్ అన్నీ ఒకేలా కనిపిస్తాయి: ఒక టీమ్, ఎక్కడి నుంచో ఊడిపడ్డ ఒక రాక్షసజీవి, నాలుగు సంచికల కొట్లాట, చివరి పేజీకి ఎక్కడి గొంగళి అక్కడే.

మొదటి అడుగు: బొమ్మ ఎవరిదో చూడండి

చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిల్ తెచ్చుకునేవాళ్లం గుర్తుందా? ఎంత తొక్కినా, ఎక్కడ పడ్డా, గంట కాగానే చైను ఊడకుండా, హ్యాండిల్ వంకర పోకుండా షాపువాడికి అప్పజెప్పాలి. క్రాసోవర్ కామిక్స్, అంటే వేర్వేరు కంపెనీల పాత్రలు ఒకే కథలో కలిసే పుస్తకాలు, మొత్తం ఈ లెక్క మీదే నడుస్తాయి. ఏలియన్ ఒకడిది, సూపర్‌హీరో ఇంకొకడిది, ఇద్దరూ తమ బొమ్మని ఎదుటివాడికి కొన్నాళ్లు ఆడుకోవడానికి ఇస్తారు, కానీ చెక్కుచెదరకుండా తిరిగి రావాలంటారు. కాబట్టి కథలో ఎవరు చావొచ్చు, ఎవరు చావకూడదు అన్నది రచయిత కలం పట్టకముందే సగం తేలిపోయి ఉంటుంది.

సంచిక తెరవగానే మొదటి పేజీల్లోనో చివర్లోనో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో హక్కుల వివరాలు ఉంటాయి. ఎవరూ చదవరు. మీరు చదవండి. అక్కడ రెండు మూడు కంపెనీల పేర్లు కనిపిస్తే కథలో ఎంత దూరం వెళ్లగలరో మీకు ముందే ఒక అంచనా వస్తుంది. నేనైతే ఒక కాగితం మీద "వీళ్లు బతుకుతారు, వీళ్లు డౌటు, వీళ్లు పోతారు" అని మూడు వరసలు రాసుకుని మొదలుపెడతాను. మల్టీస్టారర్ సినిమాలో ఏ హీరోకి ఎన్ని ఫైట్లు వచ్చాయో ఫ్యాన్స్ లెక్కపెట్టినట్టే, ఈ కామిక్స్‌లో కూడా ఎవరి బొమ్మకి ఎన్ని పేజీలు, ఎవరు ఎవరిని ఎన్నిసార్లు పడగొట్టారు అని లెక్కపెట్టొచ్చు, చాలాసార్లు సరిగ్గా సమానంగా వస్తుంది.

హక్కుల చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను, దీన్ని బట్టే ఏది ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. ఏలియన్, ప్రెడేటర్ రెండూ ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ సినిమాల నుంచి వచ్చినవి. వాటి కామిక్స్ లైసెన్సు 1980ల చివర్లో డార్క్ హార్స్ చేతికి వచ్చింది. 1986లో అమెరికాలోని ఒరెగాన్‌లో మొదలైన చిన్న కంపెనీ అది. 1988లో ఏలియన్స్ కామిక్ మొదలుపెట్టింది, తర్వాత సూపర్‌మాన్, బ్యాట్‌మాన్‌ల కంపెనీ డీసీతోనూ, ఇమేజ్ కామిక్స్ కింద ఉన్న స్టూడియోలతోనూ చేయి కలిపి వరసబెట్టి క్రాసోవర్లు వేసింది. 2019లో డిస్నీ ఫాక్స్‌ని కొనేసింది, మార్వెల్ ఎలాగూ డిస్నీదే, కాబట్టి 2021 నుంచి ఏలియన్ కామిక్స్ మార్వెల్‌లో వస్తున్నాయి. అంటే 1990లు, 2000లలో ఏలియన్‌తో కొట్లాడింది ఎక్కువగా డీసీవాళ్లు, ఇప్పుడు కొట్లాడుతున్నది మార్వెల్‌వాళ్లు. గాడ్జిల్లా కథ వేరు, అది జపాన్ టోహో కంపెనీ సొత్తు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అద్దె సైకిల్‌తో వచ్చే తిప్పలకి ఒక ఉదాహరణ. 1988 ఏలియన్స్ కామిక్ రెండో సినిమా తర్వాత కొన్నేళ్లకి మొదలవుతుంది, ఆ సినిమాలో బతికి బయటపడ్డ న్యూట్, హిక్స్ ఇద్దరే కథకి ఆధారం. 1992లో మూడో సినిమా వచ్చి ఆ ఇద్దరినీ మొదట్లోనే చంపేసింది. అప్పుడు కామిక్‌ని మళ్లీ అచ్చువేసేటప్పుడు పేర్లు మార్చేశారు: న్యూట్ కాస్తా బిల్లీ అయింది, హిక్స్ కాస్తా విల్క్స్ అయ్యాడు. బొమ్మలు అవే, కథ అదే, మనుషులు మాత్రం వేరే. పాత పుస్తకం కొంటుంటే లోపల ఏ పేర్లున్నాయో చూస్తే అది ఏ ముద్రణో తెలిసిపోతుంది.

రెండో అడుగు: రాక్షసజీవి రూల్స్ నేర్చుకోండి

దీనికి ఎక్కువ టైమ్ పట్టదు. 1979 నాటి మొదటి ఏలియన్ సినిమా, 1986 నాటి రెండోది చూసేస్తే చాలు. గుడ్డు, అందులోంచి ముఖానికి అతుక్కునే పురుగు, అది మనిషి లోపల పెట్టే పిండం, రొమ్ము చీల్చుకుని బయటికి రావడం, గంటల్లో పెరిగి పెద్దదవడం. గుడ్లు పెట్టే రాణి రెండో సినిమాలో వచ్చింది. వీటికి తోడు ఒంట్లో రక్తం బదులు యాసిడ్.

ఈ యాసిడే సూపర్‌హీరోలకి అసలు చిక్కు. మనకి రక్తబీజుడి కథ తెలుసు కదా, ఒక్కో రక్తపు బొట్టు నేల మీద పడితే ఇంకో రక్తబీజుడు పుడతాడు, కాబట్టి కొట్టడమే తప్పవుతుంది. ఏలియన్ సరిగ్గా అలాంటిదే. దాన్ని చీలిస్తే ఓడ నేలకి కన్నం పడుతుంది, వదిలేస్తే పక్కవాడి కడుపులో పిల్ల పెరుగుతుంది. బలం ఉన్నవాడికి బలం వాడలేని పరిస్థితి తేవడం, ఏలియన్ క్రాసోవర్ బాగుందా లేదా అనడానికి నేను చూసే మొదటి విషయం ఇది. హీరో ఎదురుగా నిలబడి ధడాధడా గుద్దుతూ పోతుంటే, ఆ రచయితకి ఏలియన్ అర్థం కాలేదని లెక్క.

ప్రెడేటర్ దీనికి పూర్తిగా వేరు. అది వేటగాడు, తనకి సరిజోడు కోసం వెతుక్కుంటూ వస్తుంది, కాబట్టి దానికి టీమ్ కంటే ఒంటరి హీరోనే బాగా నప్పుతాడు. 1991-92లో వచ్చిన బ్యాట్‌మాన్ వర్సెస్ ప్రెడేటర్ అంతమందికి నచ్చడానికి కారణం అదే. టీమ్‌ని వేటాడాలంటే ప్రెడేటర్లని కూడా టీమ్‌గా దించాలి, అప్పుడది వేట కాదు, కబడ్డీ. జస్టిస్ లీగ్‌తో ప్రెడేటర్లు తలపడే పుస్తకం ఒకటుంది, సరదాగా తిరగెయ్యొచ్చు, అంతకంటే దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మూడో అడుగు: అద్దె కట్టని ఏలియన్‌తో మొదలుపెట్టండి

అసలు క్రాసోవర్ల జోలికి వెళ్లకముందు మార్వెల్‌వాళ్ల అన్‌కానీ ఎక్స్-మెన్ చదవండి, 1982లో వచ్చిన 155వ సంచికలో బ్రూడ్ అనే జాతి మొదటిసారి కనిపిస్తుంది. క్రిస్ క్లేర్‌మాంట్ రాశాడు, డేవ్ కాక్రమ్ గీశాడు. బ్రూడ్ అంటే పురుగుల్లాంటి జీవులు, వేరే ప్రాణుల ఒంట్లో గుడ్లు పెడతాయి, ఆ గుడ్డు పగిలితే మనిషి శరీరమే బ్రూడ్‌గా మారిపోతుంది. సినిమా చూసొచ్చిన ఎవరికైనా ఇది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైపోతుంది. అద్దె కట్టకుండా సొంతంగా ఇంట్లోనే సైకిల్ తయారు చేసుకున్నారన్నమాట. సొంతది కాబట్టి ఇష్టం వచ్చినట్టు తొక్కారు.

161 నుంచి 167 వరకు వరసగా చదవండి. అందులో 162వ సంచిక దగ్గర మాత్రం ఆగి నెమ్మదిగా చదవండి. టీమ్ మొత్తం బ్రూడ్ చేతికి చిక్కుతుంది, అందరి ఒంట్లోనూ గుడ్లు. వాళ్లకా సంగతి తెలియదు. వుల్వరిన్ ఒక్కడే తప్పించుకుని ఆ పరాయి గ్రహం మీద పరిగెడుతుంటాడు, వెనక వేటగాళ్లు, లోపల గుడ్డు. గాయాలు వాటంతటవే మానిపోవడం అతని శక్తి కదా, ఆ శక్తి ఇప్పుడు బయట గాయాల మీద కాకుండా లోపల పెరుగుతున్నదాని మీద పోరాడుతుంటుంది, మనిషి ఒళ్లు కాలిపోతూ, భ్రమల్లో తేలుతూ, మధ్యమధ్యలో తానెవరో మర్చిపోతూ ఉంటాడు. గెలుస్తాడు, గుడ్డు చచ్చిపోతుంది. సరిగ్గా అక్కడ కథ మలుపు తిరుగుతుంది. తనకున్న శక్తి మిగతావాళ్లకి లేదు. మందు దొరక్కపోతే వాళ్లు పూర్తిగా మారిపోకముందే తన చేత్తో చంపాల్సింది తనే అని అతనికి అర్థమవుతుంది. ఆ క్షణంలో ఒక్క గుద్దు కూడా లేదు, ఆలోచన మాత్రమే, కానీ ఈ జానర్ మొత్తంలో నాకు అన్నిటికంటే భయం వేసిన చోటు అది.

టీమ్ కథలో ఇలాంటి రాక్షసజీవి ఎందుకు పనికొస్తుందో ఈ ఒక్క సంచిక చూపిస్తుంది. మామూలు విలన్ వస్తే టీమ్ ఒక్కటవుతుంది. ఒంట్లో గుడ్డు పెట్టేది వస్తే పక్కవాణ్ణి చూసి జడుసుకుంటారు. అన్నట్టు 164లో కెరొల్ డాన్వర్స్‌కి ఏమవుతుందో, 167లో టీమ్ పెద్ద ప్రొఫెసర్ ఎగ్జేవియర్‌కి ఏమవుతుందో ఇక్కడ చెప్పను. చెప్పదలచుకున్నది ఒక్కటే, ఆ రెండు మార్పులూ తర్వాతి సంచికల్లో కూడా నిలిచాయి. సొంత సైకిల్‌తో ఉన్న లాభం అది.

నాలుగో అడుగు: బలవంతుణ్ణి ఎలా దించుతారో రెండు పుస్తకాల్లో చూడండి

ఇక్కడ టీమ్ నుంచి కాస్త పక్కకి వెళ్తున్నాం. 1995లో సూపర్‌మాన్/ఏలియన్స్ వచ్చింది, మూడు సంచికలు, డాన్ జర్గెన్స్, కెవిన్ నోలన్. బుల్లెట్టు కూడా దిగని ఒంట్లో గుడ్డు ఎలా పెడతారు? దీనికి జర్గెన్స్ వేసిన ఎత్తు చాలా సింపుల్. సూపర్‌మాన్ బలం మన పసుపు సూర్యుడి నుంచి వస్తుంది, కాబట్టి అతన్ని ఆ సూర్యుడికి దూరంగా పంపేశాడు. ఫ్యాను స్విచ్ కట్టేసినా రెక్కలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి చూడండి, అలా బలం కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, ఏ పేజీలో అతనికి మొదటిసారి అలసట వచ్చింది, ఏ పేజీలో మొదటి గాయం అయింది అని గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. రచయిత ఎంత ఓపిగ్గా మెట్లు దింపాడో తెలుస్తుంది.

రెండోది 2000లో వచ్చిన గ్రీన్ లాంటర్న్ వర్సెస్ ఏలియన్స్, రాన్ మార్జ్ రాసింది. దీన్ని నేను టీమ్ కథల్లోనే వేస్తాను, ఎందుకంటే దీనికి మూలం గ్రీన్ లాంటర్న్ దళం, అంటే అంతరిక్షానికి పోలీసుల్లాంటివాళ్లు, గతంలో తీసుకున్న ఒక నిర్ణయం. ఏలియన్లని పట్టుకున్నప్పుడు దళంలోని హాల్ జోర్డన్ చంపుదాం అనడు. అవి దుర్మార్గమైనవి కావు, వాటి స్వభావం అది అంటాడు. తీసుకెళ్లి మోగో మీద వదిలేస్తారు, మోగో అంటే ఆ దళంలోనే సభ్యుడైన ఒక సజీవ గ్రహం. ఏళ్లు గడుస్తాయి, దళం ఉండదు, హాల్ ఉండడు, ఆ గ్రహం మీద ఒక ఓడ కూలుతుంది, లెక్క తేల్చాల్సింది కొత్త గ్రీన్ లాంటర్న్, కుర్రవాడు కైల్ రేనర్. పాములకి పాలుపోయడం అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం కానీ మార్జ్ హాల్‌ని వెధవని చేయడు, ఆ నిర్ణయం తీసుకున్న రోజుకి అది తప్పులా అనిపించదు. నాకు నచ్చింది అదే.

బ్యాట్‌మాన్/ఏలియన్స్ కూడా మార్జే రాశాడు, 1997లో. బెర్నీ రైట్‌సన్ బొమ్మల కోసం కొనండి, ఆయన గీసిన చీకటి, తడి, అడవి. కథ గుర్తుండదు, ఫర్వాలేదు.

గాడ్జిల్లా వస్తే లెక్క మారుతుంది

గాడ్జిల్లా ఒంట్లో గుడ్లు పెట్టదు, చాటుగా వేటాడదు, నడుస్తుంది అంతే. తుపానుతో ఎవరు ఫైట్ చేస్తారు? కాబట్టి గాడ్జిల్లా క్రాసోవర్లలో చూడాల్సింది టీమ్ ఎలా గెలుస్తుంది అన్నది కాదు, ఎలా సాగనంపుతుంది అన్నది.

1977 నుంచి 1979 వరకు మార్వెల్ గాడ్జిల్లా సిరీస్ వేసింది, 24 సంచికలు, డగ్ మెంచ్ రచన, హెర్బ్ ట్రింప్ బొమ్మలు. గాడ్జిల్లా అమెరికాలో అడుగుపెట్టి తూర్పుకి నడుస్తుంటే వెనకాల షీల్డ్ అనే గూఢచారి సంస్థ ఏజెంట్లు డమ్ డమ్ డ్యూగన్ నాయకత్వంలో పరిగెడుతుంటారు. మధ్యలో కథ పూర్తిగా గాడి తప్పుతుంది: ఒక దశలో గాడ్జిల్లాని గ్యాసుతో కుదించేస్తారు, అది న్యూయార్క్ మురుగు కాలవలో ఎలుకతో తలపడుతుంది. నవ్వొస్తుంది, కానీ మొహం మాడ్చుకుని చదివితే ఈ సిరీస్ మీకు కాదు. 23, 24 సంచికల్లో ఫెంటాస్టిక్ ఫోర్, ఎవెంజర్స్ రెండు టీమ్‌లూ దిగుతాయి. ఎవరి వల్లా కాదు. చివరికి రాబ్ టకిగూచి అనే పిల్లవాడు బతిమాలితే గాడ్జిల్లా వెనక్కి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. కథలో పిల్లవాడి మాట వింది, కథ బయట లైసెన్సు గడువు తీరింది. సైకిల్ షాపుకి చేరింది. ఇంత మర్యాదగా ఒక బొమ్మని యజమానికి అప్పజెప్పిన ముగింపు నేను ఇంకోటి చూడలేదు.

2023-24లో డీసీ జస్టిస్ లీగ్ వర్సెస్ గాడ్జిల్లా వర్సెస్ కాంగ్ వేసింది, ఏడు సంచికలు. ఇది లెజెండరీ స్టూడియో సినిమాల్లోని గాడ్జిల్లా, వేరే విశ్వం నుంచి ఇటు వచ్చి పడుతుంది. లోయిస్‌కి పెళ్లి ప్రపోజల్ పెట్టబోతున్న క్లార్క్‌కి, అంటే సూపర్‌మాన్‌కి, ఆ రాత్రే ఈ గొడవ తగులుకుంటుంది. మొదటి మూడు సంచికలు మంచి ఊపు మీద ఉంటాయి, తర్వాత పాత్రలు మరీ ఎక్కువై జాతరలా అయిపోతుంది. పిల్లలకి ఇవ్వాలంటే మాత్రం అన్నిటికంటే ఇదే ఇవ్వండి.

ఫోన్లో చదివేవాళ్లకి, కొనేవాళ్లకి

ఫోన్లో ఒక్కో ప్యానెల్‌ని, అంటే పేజీలోని ఒక్కో గడి బొమ్మని, పెద్దది చేసి చూపించే పద్ధతి ఉంటుంది కదా, గాడ్జిల్లా చదివేటప్పుడు దాన్ని ఆపేయండి. పేజీ మొత్తం ఒకేసారి కనబడితేనే కింద మూల చీమంత బ్యాట్‌మాన్, పైన పేజీ అంతా తోక. ముక్కలు చేసి చూపిస్తే ఆ పరిమాణమే పోతుంది. టాబ్ ఉంటే అడ్డంగా తిప్పి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకోండి.

ఏలియన్ కథలకి ఇంకో ఇబ్బంది ఉంది. అచ్చు పుస్తకంలో మంచి ఆర్టిస్టు భయపెట్టే బొమ్మని కుడివైపు పేజీలో పెట్టడు, ఎందుకంటే పేజీ తిప్పగానే కన్ను దాని మీద ముందే పడిపోతుంది. కుడి పేజీ చివరి ప్యానెల్‌లో తలుపు, మూసిన తలుపు మాత్రమే. పేజీ తిప్పితే ఎడమవైపు ఉంటుంది అసలుది. ఫోన్లో ఈ కుడి ఎడమలు ఉండవు కాబట్టి మీరే ఆగడం నేర్చుకోవాలి. ఖాళీగా, మాటల్లేకుండా, అనవసరంగా అనిపించే ప్యానెల్ కనబడితే వేలు కాసేపు ఆపండి.

పాత విడి సంచికల వెంట పడి డబ్బులు తగలేసుకోవద్దు. 2016లో డీసీ, డార్క్ హార్స్ తమ పాత క్రాసోవర్లని లావు పుస్తకాలుగా కలిపి మళ్లీ వేశాయి, ముందు వాటిని వెతకండి. అట్ట మీద పేరు చూసి కొనేయకుండా లోపల ఏ సంచికలున్నాయో చదవండి, నేనొకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర అట్ట బొమ్మ చూసి ఆర్డర్ పెడితే అదే పేరుతో ఉన్న రెండో భాగం వచ్చింది, వాపసు తీసుకోమంటే వారం రోజులు తిప్పారు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక చూపు వేయండి. ఫలానాది కావాలని వెళ్తే దొరకదు, ఊరికే వెళ్తే ఏదో ఒకటి దొరుకుతుంది. బ్రూడ్ కథకైతే ఇంత కష్టం లేదు, మార్వెల్ సొంత యాప్‌లోనే చదువుకోవచ్చు.

కొత్తవాటి సంగతి. 2023లో ప్రెడేటర్ వర్సెస్ వుల్వరిన్ వచ్చింది, ఒంటరి వేటకి ఒంటరి హీరో అనే పాత సూత్రమే, బాగానే నడిచింది. 2024లో మొదలైన ఏలియన్స్ వర్సెస్ ఎవెంజర్స్ మాత్రం టీమ్ కథ, జొనాథన్ హిక్‌మాన్ రాశాడు, ఎసాద్ రిబిచ్ గీశాడు. అద్దె బొమ్మ సమస్యకి వీళ్లు పట్టుకున్న దారి ఏంటంటే కథని భవిష్యత్తులోకి తీసుకెళ్లడం. నెలనెలా వచ్చే సిరీస్‌లలో ఉన్న హీరోలకి ఏమీ కాదు, కానీ ఈ పుస్తకంలో ఎవరైనా పోవచ్చు. తెలివైన దారే. అయితే చదువుతున్నంతసేపూ నా బుర్రలో ఒక మూల "ఇది లెక్కలోకి రాదులే" అని వినబడుతూనే ఉంది.

చివరికి దాచుకోవాల్సింది

లెక్కలోకి వచ్చింది ఒక్కటే, నేను మొదట్లో చెప్పిన ఆ వన్-షాట్. దానికి ముందు స్టార్మ్‌వాచ్ చదవాలి.

స్టార్మ్‌వాచ్ అంటే ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే సూపర్‌హీరోల దళం, భూమి చుట్టూ తిరిగే స్కైవాచ్ అనే ఉపగ్రహం వాళ్ల ఆఫీసు. 1993లో మొదలైంది, మొదటి మూడేళ్లు మీరు వదిలేసినా నష్టం లేదు. 1996లో 37వ సంచిక నుంచి వారెన్ ఎల్లిస్ రాయడం మొదలుపెట్టాడు, అక్కడ పట్టుకోండి. వచ్చీ రావడంతోనే దళాన్ని మూడు ముక్కలు చేశాడు. ఒక ముక్కలో వింటర్, ఫ్యూజి, హెల్‌స్ట్రైక్. ఇంకో దాంట్లో ఫారెన్‌హైట్, ఫ్లింట్, రోజ్ టాటూ. మూడోది గుట్టుగా పనిచేసేది, జెన్నీ స్పార్క్స్, జాక్ హాక్స్‌మూర్, స్విఫ్ట్. పైన అందరినీ ఆడించే బాస్ హెన్రీ బెండిక్స్, అతన్ని వెదర్‌మాన్ అంటారు. 50వ సంచికతో ఆ వరస ముగుస్తుంది, 1997లో మళ్లీ ఒకటి నుంచి మొదలై 11 దాకా నడుస్తుంది.

చదివేటప్పుడు పెద్ద యుద్ధాల కంటే చిన్న మాటల దగ్గర ఆగండి. వింటర్ రష్యావాడు, ఎదురయ్యే శక్తిని ఒంట్లోకి పీల్చుకోగలడు, ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఫ్యూజికి మామూలు శరీరం లేదు, ఒక లోహపు సూట్‌లో బంధించిన శక్తి అతను. హెల్‌స్ట్రైక్ ఐర్లండ్‌వాడు, ఒకప్పటి పోలీసు, అతనిదీ దాదాపు అదే గతి. వీళ్లు డ్యూటీ దిగి, తాగి, తిట్టుకుని, మళ్లీ డ్యూటీకి ఎక్కే ఉద్యోగస్తుల్లా ఉంటారు. రెండో వరసలో 10వ సంచిక దాకా రండి. వచ్చాక ఆగి, అప్పుడు వైల్డ్‌క్యాట్స్/ఏలియన్స్ తీయండి. 11వది ముందు చదివితే మొత్తం చెడిపోతుంది.

అట్ట మీద పేరు వైల్డ్‌క్యాట్స్‌ది. అది 1992లో జిమ్ లీ మొదలుపెట్టిన టీమ్, ఆయన స్టూడియో వైల్డ్‌స్టార్మ్‌కి ఇంటి పెద్దకొడుకు లాంటిది. వాళ్లకేమీ కాదు. స్కైవాచ్‌లో ఏమైందో చూద్దామని పైకి వెళ్తారు, అక్కడ కనిపించేది స్టార్మ్‌వాచ్ మిగులు. ఏలియన్లు అప్పటికే పని ముగించాయి. రచయిత మళ్లీ ఎల్లిస్, బొమ్మలు క్రిస్ స్ప్రౌజ్‌వి, ఆయన గీత చాలా శుభ్రంగా, తీరుగా ఉంటుంది, ఎక్కడా గీతల గందరగోళం ఉండదు. భయపెట్టే కథకి ఇంత నీటైన బొమ్మలేంటి అని మొదటిసారి నాకు చిరాకేసింది. రెండోసారి చూస్తే, ఆ శుభ్రమే చంపింది. చీకటి లేదు, పొగ లేదు, ఎవరు పడి ఉన్నారో స్పష్టంగా కనిపిస్తుంది, కళ్లు తిప్పుకోవడానికి చోటు లేదు. ఫారెన్‌హైట్ పోయింది, హెల్‌స్ట్రైక్, ఫ్యూజి పోయారు. వింటర్ చివరికి ఏం చేస్తాడో చెప్పను, అతని శక్తి ఏమిటో గుర్తుంటే చాలు.

ఇది ఎలా కుదిరింది? సైకిల్ లెక్కే మళ్లీ. ఏలియన్ అద్దెది, దానికి ఏమీ కాకూడదు, కాలేదు కూడా. వైల్డ్‌క్యాట్స్ అట్ట మీద బొమ్మలు, వాళ్లనీ ముట్టుకోకూడదు. మిగిలింది స్టార్మ్‌వాచ్, అది ఎల్లిస్ రెండేళ్లుగా తన చేత్తో నడిపిస్తున్న సైకిల్, ఇంకో సంచికతో ఆగిపోబోతున్నది, దాని స్థానంలో కొత్త సిరీస్ రాబోతున్నది. దాన్ని గోడకేసి కొట్టొచ్చు. కొట్టాడు. అదీ స్టార్మ్‌వాచ్‌లో కాకుండా వేరేవాళ్ల పేరున్న పుస్తకంలో. నెలనెలా స్టార్మ్‌వాచ్ మాత్రమే కొనుక్కునే పాఠకుడు ఈ వన్-షాట్ సంగతి తెలియకుండా 11వ సంచిక తెరిస్తే, తన టీమ్ రెండు సంచికల మధ్య ఎక్కడో చచ్చిపోయి ఉంటుంది. ఇది పాఠకుడికి చేసిన అన్యాయం అని నేనిప్పటికీ అంటాను, కానీ అందుకే మర్చిపోలేకపోతున్నానేమో కూడా.

దాని తర్వాత 11వ సంచిక, ఆ వెంటనే 1999లో మొదలైన ఆ కొత్త సిరీస్ ది అథారిటీ మొదటి సంచిక. మధ్యలో గ్యాప్ ఇవ్వకండి, ఒకే సాయంత్రం కూర్చుని మూడూ చదివేయండి. అథారిటీతోనే మొదలుపెట్టేవాళ్లు చాలామంది, దానికే పేరెక్కువ. అందులో మాస్కో మీద దాడి జరుగుతుంటే తెరల ముందు నిలబడి చూస్తూ ఉండే ఇద్దరు అధికారులు ఉంటారు, జాక్సన్ కింగ్, క్రిస్టీన్ ట్రెలేన్. చేతిలో దళం లేదు, పంపడానికి ఎవరూ లేరు. కొత్తగా చదివేవాడికి వాళ్లు ఎవరో ఆఫీసువాళ్లు, పేజీ తిప్పేస్తాడు. మీరు తిప్పలేరు. స్కైవాచ్ నుంచి ప్రాణాలతో కిందికి దిగిన కొద్దిమందిలో వాళ్లిద్దరూ ఉన్నారు.